ఊపు – ఒడుపు

బలం ఉన్నవానికే దూరం దక్కుతుందని లోకం సాధారణంగా భావిస్తుంది. రాయి విసిరినా, కర్రతో బంతిని కొట్టినా కండలు తిరిగిన చేయిదే గెలుపు అనుకుంటుంది. కాని బలం ఒకటి, ఆ బలాన్ని దూరంగా మార్చే ఒడుపు మరొకటి. మొదటిది పుట్టుకతోను, పోషణతోను లభిస్తుంది. రెండవది పరిశీలన వల్ల, సాధన వల్ల మాత్రమే అలవడుతుంది. ఈ భేదాన్ని గ్రహించడానికి హిందూపురం ప్రాంతానికి చెందిన ఒక బక్కపలుచని కుర్రవానికి పది సంవత్సరాలకు పైగా పట్టింది. వానికి దారి చూపినవారెవరూ క్రీడా విద్యాలయాలలో చదివినవారు కారు. ఒకరు సేద్యగాడు, ఒకరు రాళ్ళు కొట్టే శ్రామికుడు, మరొకరు పట్టుచీరలు నేసే నేతగాడు.

ఆ బాలుని ఊరు హిందూపురానికి కొద్ది దూరంలోని ఒక పల్లె. బడి విడిచిన వెంటనే పిల్లలందరూ ఊరి వెలుపలి బయలులో చేరి చిల్లాకట్టె ఆడేవారు. ఈ ఆటనే ఇతర ప్రాంతాలలో బిళ్ళంగోడు అనీ, చిర్రగోనె అనీ, గిల్లీదండ అనీ పిలుస్తారు. దీనికి కావలసిన సామగ్రి చాలా స్వల్పం. చేతికి ఇమిడే కర్ర ఒకటి, రెండు కొసలూ చెక్కిన చిన్న బిళ్ళ ఒకటి. బిళ్ళ కొసను కర్రతో తట్టి గాలిలోకి లేపాలి. అది నేలకు దిగేలోగా మళ్ళీ కొట్టి దూరంగా పంపాలి. మహాభారతం ఆదిపర్వంలో కురుకుమారులు ఆడుకొంటున్న ఆటవస్తువు బావిలో పడిపోగా ద్రోణుడు దానిని వెలికి తీసిన కథ ఉన్నది. సంస్కృత మూలంలో దాని పేరు ‘వీట’. అది ఇటువంటి కొయ్యబిళ్ళయే అని అర్థం చెప్పినవారు కలరు. దీనిని బట్టి ఈ ఆట ఎంత ప్రాచీనమైనదో ఊహించవచ్చు.

బిళ్ళ పడిన చోటికి ఎన్ని కర్రల దూరం ఉంటే అన్ని లెక్కలు. ఆ లెక్కను కొట్టినవాడే చెప్పాలి. ఎదుటి జట్టుకు అనుమానం కలిగితే కర్రతో కొలుస్తారు. తక్కిన పిల్లల బిళ్ళలు యాభై, అరవై కర్రల దూరం పోయేవి. ఈ బాలుని బిళ్ళ ఇరవై దాటేది కాదు. పళ్ళు బిగించి, కర్రను గట్టిగా పట్టుకొని, చేతుల బలమంతా ఉపయోగించి కొట్టేవాడు. ఎంత బలంగా కొట్టబోతే అంత తరచుగా గురి తప్పేది. తోటివారు నవ్వేవారు. ఒకనాటి సాయంకాలం బిళ్ళ ఇరవైరెండు కర్రల దూరం పోయింది. ‘ముప్పై’ అన్నాడు వాడు. వాని లెక్కతో గెలుపోటములు మారవు గనుక ఎవరూ కొలవలేదు.

గట్టు మీద కూర్చున్న తాత ఇది చూచినాడు. అప్పుడేమీ అనలేదు. మరునాడు మనవణ్ణి జొన్నచేనికి తీసుకొనిపోయినాడు. గింజ పట్టే కాలం. పిట్టల బెడద. తాత మంచె ఎక్కి తన పాత వడిసెలను చేతికి తీసుకొన్నాడు. వడిసెల అంటే రెండు తాళ్ళు, వాని నడుమ రాయి పెట్టడానికి చిన్న అల్లిక. ఒక తాడు కొస వ్రేలికి తగిలించి ఉంటుంది. రెండవ కొసను వ్రేళ్ళ మధ్య పట్టుకొని త్రిప్పి, సరియైన క్షణంలో వదలాలి. డెబ్బది ఏండ్ల ముసలివాడు విసిరిన రాయి చేను దాటి ఎక్కడో పడింది. పిట్టలు గుంపుగా లేచిపోయినాయి. బాలుడు నోరు తెరచి చూస్తూ నిలిచిపోయినాడు.

“నిన్న నీ బిళ్ళ ఇరవైరెండు కర్రలు పోయింది. నువ్వు ముప్పై అంటివి,” అన్నాడు తాత మెల్లగా. వాడు తల వంచుకొన్నాడు. “నోటితో పెంచిన దూరం నోటి దగ్గరే ఉంటాదప్పా. కాళ్ళతో పెంచుకో.”

“కాళ్ళతోనా తాతా? కొట్టేది చేతులతో గదా!”

“మొదట నేలను తొక్కు. నేల నీకు బలమిస్తాది. ఆ బలం నడుముకు రానీ. నడుము నించి భుజానికి, భుజం నించి చేతికి. చెయ్యి ఆఖర్న రావల్ల. నువ్వు దాన్నే ముందు తోలుతావు. అందుకే బిళ్ళ పోదు.”

తాత చెప్పినది నేటి శాస్త్రజ్ఞులు అంగీకరించే విషయమే. మనిషి నేలను ఎంత బలంగా అదిమితే నేల అంత బలంగా అతనిని తిరిగి నెడుతుంది. న్యూటను మూడవ సూత్రం ఇదే. సముద్రాన్ని లంఘించబోయే హనుమంతుడు మొదట మహేంద్రగిరిని పాదాలతో అదిమినాడని రామాయణం వర్ణిస్తుంది. ఆ బరువుకు కొండ కంపించిందని కూడా చెబుతుంది. ఎగరదలచినవాడు మొదట క్రిందికి అదమాలి అన్న సత్యం ఆ వర్ణనలో ఇమిడి ఉన్నది.

రెండవ పాఠం పెనుకొండలో లభించింది. 1565లో జరిగిన రక్కసి తంగడి యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు అది. గగనమహలు, కొండ మీది కోట నేటికీ ఆ వైభవాన్ని గుర్తు చేస్తాయి. ఇంటికి బండలు తేవడానికి తండ్రి వెంట వెళ్ళిన బాలుడు, ఆ పరిసరాలలో ఒకచోట రాతి పని జరుగుతుంటే ఆగి చూచినాడు. పెద్ద బండ మీద ఒకే వరుసలో చిన్న చిన్న రంధ్రాలు తొలిచి ఉన్నాయి. వాటిలో ఇనుప చీలలు దింపి ఉన్నాయి. సన్నగా ఉన్న ఒక శ్రామికుడు సమ్మెటతో ఒక్కొక్క చీలను వరుసగా కొట్టుకొంటూ పోతున్నాడు. ఏ దెబ్బా భయంకరమైనది కాదు. కాని కొంతసేపటికి ఆ బండ గీత గీచినట్లు రెండుగా విడిపోయింది.

బాలుడు ఆయన చేతులను గమనించినాడు. సమ్మెటను ఎత్తేటప్పుడు కాని, దించేటప్పుడు కాని పిడి మీద పట్టు బిగుసుకోలేదు. సమ్మెట తన బరువుతో తానే దిగివస్తున్నట్లు ఉన్నది. అడిగితే ఆయన నవ్వి, “పట్టు బిగిస్తే దెబ్బ నీ భుజానికే తగుల్తాది నాయనా, రాతికి కాదు. అది జారిపోనంత పట్టుకుంటే చాలు,” అన్నాడు. బిగుసుకొన్న కండరం వేగంగా కదలలేదు. భయంతోనో, పంతంతోనో బిగించిన చేయి తన వేగాన్ని తానే అడ్డుకొంటుంది. ఆ పిల్లవాడు ఇంతకాలం చేసిన తప్పు అదే.

మూడవ పాఠం ధర్మవరంలో దొరికింది. ఇంటర్మీడియట్ చదివే రోజులలో వాడు సెలవులకు తోటి విద్యార్థి ఇంటికి వెళ్ళేవాడు. హిందూపురంలో రైలు ఎక్కితే పెనుకొండ మీదుగా ధర్మవరం చేరవచ్చు. మిత్రుని తండ్రి గుంటమగ్గంలో కూర్చొని పట్టుచీర నేసేవాడు. కాళ్ళ కింది పలకలను తొక్కగానే పడుగు పోగులు రెండుగా విడిపోయి దారి ఇస్తాయి. చేతిలోని త్రాడును లాగగానే నాడె ఆ దారిలో ఈ కొస నుండి ఆ కొసకు పరుగెడుతుంది. త్రాడుతో నాడెను పంపే ఈ పద్ధతిని 1733లో ఇంగ్లండులో జాన్ కే రూపొందించినాడు. అది తరువాత అనేక దేశాల మగ్గాలకు చేరింది.

మిత్రుని తండ్రి అనుమతితో ఆ కుర్రవాడు ఒకసారి త్రాడు లాగి చూచినాడు. గట్టిగా లాగితే నాడె అవతలి పెట్టెను తాకి వెనుకకు వచ్చింది. మెల్లగా లాగితే నడుమనే ఆగిపోయింది. నేతగాడు చేయి కలిపి చూపినాడు. లాగుడు మెత్తగా మొదలై, చివరలో మణికట్టు దగ్గర చురుకుగా ముగిసింది. నాడె చప్పుడు లేకుండా అవతల చేరి నిలిచింది. “మొదలు మెత్తన, కొస చురుకు. అది పోవల్సినంతే పోవల్ల. ఎక్కువ పోయినా తప్పే, తక్కువ పోయినా తప్పే,” అన్నాడాయన. దూరమంటే కేవలం ఎక్కువగా పోవడం కాదని, అనుకొన్న చోటికి పోవడమని వానికి ఆనాడు తోచింది.

ఈ మూడు పాఠాలూ ఒక్కచోట కలిసే సందర్భం ఆ కుర్రవానికి ఊహించని రీతిలో వచ్చింది. ఇంటర్మీడియట్ తరువాత పై చదువుకు ఇంటిలో స్తోమత చాలలేదు. దూరవిద్య ద్వారా డిగ్రీకి పేరు నమోదు చేసుకొని, హిందూపురం ప్రాంతపు యువకులు అనేకుల వలెనే బెంగుళూరుకు పనికి పోయినాడు. గోల్ఫు ఆట ఆ నగరానికి కొత్తది కాదు. అక్కడి బెంగుళూరు గోల్ఫ్ క్లబ్ 1876లోనే ఏర్పడింది. ఆ ఆట నేర్చుకొనేవారు బంతులు కొట్టి సాధన చేసే ఒక మైదానంలో వానికి ఉద్యోగం దొరికింది. చెల్లాచెదరుగా పడిన బంతులను ఏరి బుట్టలో చేర్చడం వాని పని.

ఖరీదైన కర్రలు కొన్నవారు, బలిష్ఠులైనవారు అక్కడికి వచ్చేవారు. ముఖం ఎర్రబడేటట్లు బలం ఉపయోగించి కొట్టేవారు. బంతి మాత్రం వంకరగా పోయి దగ్గరలోనే పడేది. అంతలో ఒక సన్నని ఆటగాడో, నడివయస్సు స్త్రీయో వచ్చి, ఏ తొందరా లేకుండా కర్రను ఊపితే బంతి ఆకాశానికి ఎగిరి ఎక్కడో దిగేది. బంతులు ఏరేవానికి ఎవరి బంతి ఎక్కడ పడుతుందో అందరికన్నా బాగా తెలుస్తుంది. ఆ వైరుధ్యాన్ని చూచినప్పుడల్లా వానికి మంచె మీది తాత గుర్తుకు వచ్చేవాడు.

గోల్ఫు ఊపులోని శాస్త్రం ఆసక్తికరమైనది. నియమాల ప్రకారం గోల్ఫు బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు. వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. బంతికి, కర్ర తలకు మధ్య స్పర్శ సెకనులో సుమారు రెండువేలవ వంతు కాలం మాత్రమే ఉంటుంది. కన్ను మూసి తెరిచే వ్యవధిలో అది లేశమాత్రం. తాకిన తరువాత బంతిని నెట్టడానికి ఎవరికీ అవకాశం ఉండదు. కనుక దూరమంతా తాకే క్షణంలో కర్ర తలకున్న వేగం మీద, బంతి కర్ర తలకు నడిమిభాగాన తగలడం మీద ఆధారపడుతుంది. మేటి ఆటగాళ్ళు పొడవైన కర్రతో కొట్టినప్పుడు ఆ తల గంటకు 180 కిలోమీటర్లకు మించిన వేగంతో కదులుతుంది. సూటిగా నడుమ తగిలితే బంతి దాదాపు దానికి ఒకటిన్నర రెట్ల వేగంతో బయలుదేరుతుంది. పక్కకు తగిలితే ఎంత వేగమైనా కొంత వృథా అవుతుంది.

ఆ వేగం చేతులలో పుట్టదు. ఆటగాడు మొదట భుజాలను, నడుమును వెనుకకు త్రిప్పి శరీరాన్ని స్ప్రింగు వలె చుట్టుకొంటాడు. నడుము తిరిగిన దానికన్నా భుజాలు ఎక్కువగా తిరుగుతాయి. ముందుకు వచ్చేటప్పుడు వరుస తలక్రిందులవుతుంది. మొదట బరువు ముందరి పాదం మీదకు వస్తుంది. తరువాత నడుము, ఆపైన మొండెం, ఆ తరువాత చేతులు, చిట్టచివర కర్ర కదులుతాయి. ప్రతి భాగమూ తన వేగాన్ని తరువాతి భాగానికి అందించి తాను నెమ్మదిస్తుంది. మణికట్టు వంపును చివరిదాకా నిలిపి ఉంచి ఆపైన వదలాలి. తొందరపడి ముందే వదిలితే సంపాదించిన వేగమంతా బంతిని చేరకమునుపే ఖర్చవుతుంది. ఆలెస్టర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ 1968లో ప్రచురించిన గ్రంథంలో గోల్ఫు ఊపును కీలుతో కలిపిన రెండు కడ్డీల కదలికగా వివరించినారు. వడిసెలలో చేయి ఒక కడ్డీ, త్రాడు రెండవ కడ్డీ అనుకొంటే తాత విసురు కూడా ఆ కోవకు చెందినదే.

ఒకనాటి సాయంకాలం మైదానం ఖాళీ అయిన తరువాత అక్కడి శిక్షకుడు వాని చేతికి ఒక కర్ర ఇచ్చి, “రోజూ చూస్తుంటావు గదా, ఒకసారి కొట్టు,” అన్నాడు. అంతకాలం నేర్చినదంతా ఆ క్షణంలో వాడు మరచిపోయినాడు. పళ్ళు బిగించి చేతులతో కొట్టినాడు. కర్ర బంతి నెత్తిని గీచుకొని పోయింది. బంతి నాలుగు బారలు దొర్లి ఆగింది. చిన్ననాటి నవ్వులు మళ్ళీ చెవులలో వినిపించినాయి.

రెండవసారి వాడు తొందరపడలేదు. బంతిని చిన్న మేకు మీద ఎత్తుగా నిలిపి, ముందరి పాదం మడమకు ఎదురుగా ఉండేటట్లు నిలబడినాడు. అలా నిలిస్తే కర్ర అడుగుకు చేరి మళ్ళీ పైకి లేస్తున్న దశలో బంతిని తాకుతుంది. పెనుకొండలోని సమ్మెట పిడిని తలచుకొని పట్టు సడలించినాడు. ధర్మవరంలోని మగ్గాన్ని తలచుకొని మెత్తగా మొదలుపెట్టినాడు. తాతను తలచుకొని నేలను తొక్కినాడు. చేతులకు దెబ్బ తగిలినట్లే తోచలేదు. తలెత్తి చూస్తే బంతి మసకవెలుతురులో చిన్నదై పోతున్నది. శిక్షకుడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “రేపటి నుండి ఒక గంట ముందు రా,” అని మాత్రం అన్నాడు.

నాటి నుండి వాని సాధన మొదలయింది. తేలికైన కర్రతో వేగంగా ఊపడం, తొడలకు, నడుముకు బలం చేకూర్చే వ్యాయామాలు చేయడం, వాటి నడుమ తగినంత విశ్రాంతి తీసుకోవడం నేర్చుకొన్నాడు. అలసిన శరీరంతో బలవంతంగా ఊపితే నడుము క్రిందిభాగం దెబ్బతింటుందని శిక్షకుడు హెచ్చరించేవాడు. గోల్ఫు ఆటగాళ్ళను తరచుగా బాధించే గాయం అదే. తన సన్నని శరీరం ఆటకు పనికిరాదేమో అన్న బెంగ మాత్రం వానిని పూర్తిగా విడువలేదు.

ఆ రోజులలోనే సాహిత్ తీగల అనే ఆటగాని గురించి వానికి తెలిసింది. ఆయన తల్లిదండ్రులు హైదరాబాదు నుండి అమెరికాకు వెళ్ళినవారు. ఆయన 1997లో కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించినాడు. ఆయన వెన్నెముక నిటారుగా కాక పక్కకు వంపు తిరిగి ఉంటుంది. అందువల్ల ఆయన ఊపు శిక్షణ పుస్తకాలలోని బొమ్మల వలె ఉండదు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు మణికట్టుకు శస్త్రచికిత్స జరిగి 2018–19లో పోటీలకు దూరమైనాడు. తిరిగి వచ్చి 2020లో అమెరికా కళాశాల గోల్ఫులోని మూడు ప్రధాన పురస్కారాలను గెలుచుకొన్నాడు. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌లో మొట్టమొదటి పీజీఏ టూర్ విజయం సాధించినాడు. తన శరీరం ఎలా ఉన్నదో దానికి తగిన ఊపును ఆయన రూపొందించుకొన్నాడు. ఇది తెలిసిన నాడు ఆ యువకుని బెంగ చాలావరకు తీరింది.

అయితే వానిని ఎక్కువగా కదిలించిన సంఘటన మరొకటి ఉన్నది. 2024 ఆగస్టు 31న అట్లాంటాలో జరుగుతున్న టూర్ చాంపియన్‌షిప్ మూడవ రోజు ఆటలో తీగల కొట్టిన బంతి ఇసుకగుంటలో పడింది. అక్కడ కర్రను వెనుకకు ఊపేటప్పుడు అది ఇసుకను తాకరాదు. తాకితే రెండు దెబ్బల దండన. కర్రకు ఇసుక తగిలినట్లు తనకు తోచిందని తీగల తానే అధికారులకు చెప్పినాడు. అంతకుముందు ఆయనను ఎవరూ వేలెత్తి చూపలేదు. రెండు దెబ్బలు ఆయన లెక్కకు చేరినాయి. పోటీ ముగిసేసరికి ఆయన మూడవ స్థానంలో నిలిచినాడు. రెండవ స్థానంలో ఉన్న ఆటగానికి, ఆయనకు తేడా సరిగ్గా రెండు దెబ్బలే. ఆ స్థాయి పోటీలో ఆ తేడా విలువ కోట్ల రూపాయలు.

ఈ వార్తను చరవాణిలో చదివిన ఆ రాత్రి ఆ యువకునికి నిద్ర పట్టలేదు. ఇరవైరెండు కర్రలను ముప్పై అని చెప్పిన సాయంకాలం కళ్ళ ముందు నిలిచింది. అప్పటికి తాత కాలం చేసి రెండేండ్లయింది. ఆనాడు తాత వడిసెల నేర్పడానికి ముందు ఆ అబద్ధాన్ని ఎందుకు గుర్తు చేసినాడో వానికి ఇప్పుడు పూర్తిగా అర్థమయింది. తన లెక్కను తాను దాచుకొనేవాడు తన తప్పును చూడలేడు. తప్పును చూడలేనివాడు దానిని దిద్దుకోలేడు. నిజమైన ఇరవైరెండు నుండి ఇరవైమూడుకు దారి ఉన్నది. అబద్ధపు ముప్పై నుండి ఎక్కడికీ దారి లేదు.

ఆ యువకుడు నేడు అదే మైదానంలో సహాయ శిక్షకుడు. ఉదయం వేళ చిన్నపిల్లలకు నిలబడే తీరు, పట్టుకొనే తీరు నేర్పుతున్నాడు. సంక్రాంతి సెలవులకు ఊరికి వచ్చినప్పుడు పాత బయలులోకి వెళ్ళినాడు. పిల్లలు చిల్లాకట్టె ఆడుతున్నారు. వారిలో ఒక బక్కపలుచని బాలుడు పళ్ళు బిగించి కొట్టినాడు. బిళ్ళ కొద్ది దూరంలోనే పడింది. వాడు బిళ్ళ వైపు చూచి, తోటివారి వైపు చూచి, ఏ లెక్క చెప్పాలో తోచక నిలిచినాడు.

యువకుడు దగ్గరకు వెళ్ళి వాని భుజం మీద చేయి వేసి, “పద్దెనిమిది పోయింది. పద్దెనిమిదే చెప్పప్పా,” అన్నాడు. “తక్కినవి కాళ్ళతో సంపాదిద్దాం. ముందు నేలను తొక్కు.”